పాప్ వార్నర్ మీద వ్యాసం: గెలుపుల లెక్క, సింగిల్ వింగ్, కార్లైల్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. మా తెలుగు సంఘం పత్రికకు గ్లెన్ స్కోబీ వార్నర్, అంటే అందరూ ‘పాప్’ వార్నర్ అని పిలిచే అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ మీద వ్యాసం రాస్తున్నాను. అమెరికాలో మన పిల్లలు చాలామంది ఆయన పేరున్న లీగ్‌లో ఆడుతున్నారు. జెర్సీ మీద ఆ పేరు చూడటమే తప్ప మనిషెవరో పెద్దవాళ్లకు కూడా తెలియదు. చదివేవాళ్లలో సగం మందికి అమెరికన్ ఫుట్‌బాల్ నిబంధనలే తెలియవు కాబట్టి ఆటను కూడా కాస్త విప్పి చెప్పాలి.

నాకు అడ్డుపడుతున్నవి ఇవి. 1895 నుంచి 1899 వరకు ఆయన ఏటా రెండేసి జట్లకు కోచ్ అని కనిపిస్తోంది, అదెలా కుదిరింది? మొత్తం గెలుపులు ఒకచోట 319, ఇంకోచోట 337 అని వేశారు, ఏది తీసుకోవాలి? ఆయన పేరుతో చెప్పుకునే సింగిల్ వింగ్ అనే ఆటగాళ్ల అమరిక బొమ్మలు చూశాను, చుక్కలూ బాణాలూ తప్ప ఏమీ బోధపడలేదు. ఎవరు ఎక్కడ నిలబడతారు, బంతి ఎవరి చేతికి వెళ్తుంది, అంతకుముందు ఆట కంటే అది ఏ రకంగా మేలు? చివరిది, ఆయన కోచ్‌గా ఉన్న కార్లైల్ స్కూలు, అక్కడ ఆడిన జిమ్ థోర్ప్ సంగతులు ఎంతవరకు రాయాలి? పిల్లలు కూడా చదివే పత్రిక ఇది.

పాతపేపర్లు:

మొదటి రెండూ నేను తీసుకుంటాను.

వార్నర్ 1871 ఏప్రిల్ 5న న్యూయార్క్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌విల్‌లో పుట్టాడు. 1892లో లా చదవడానికి కార్నెల్‌లో చేరేనాటికి తోటి విద్యార్థుల కంటే వయసులో పెద్దవాడు. ‘పాప్’ అన్న పేరు అక్కడే అంటుకుంది. ముందు వరుసలో ఉండే గార్డ్ స్థానంలో ఆడాడు, 1894లో జట్టు కెప్టెన్. లా పట్టా చేతికొచ్చాక బఫలోలో కొద్దికాలం ప్రాక్టీసు పెట్టాడు గానీ, 1895 ఎండాకాలానికే కోచ్ పనికి రెండు పిలుపులు వచ్చాయి. అయోవా వ్యవసాయ కళాశాల, అంటే ఇప్పటి అయోవా స్టేట్, వారానికి 25 డాలర్లు ఇస్తానంది. జార్జియా విశ్వవిద్యాలయం 34 డాలర్లు ఇస్తానంది. జార్జియాలో పని సెప్టెంబరు మధ్య నుంచి మొదలు. అయోవాలో ప్రాక్టీసు ఆగస్టులోనే మొదలుపెట్టుకోవచ్చు. అలా రెండూ ఒప్పుకున్నాడు.

కాబట్టి ‘ఏకకాలంలో రెండు జట్లు’ అంటే వారంలో మూడు రోజులు ఇక్కడ, మూడు రోజులు అక్కడ అని కాదు. సీజన్ ముందు అయోవాలో జట్టును తయారుచేసి అప్పజెప్పేవాడు. అసలు సీజన్‌కు జార్జియా వెళ్లేవాడు, 1897 నుంచి కార్నెల్, 1899లో కార్లైల్. 1895లో అయోవా జట్టు నార్త్‌వెస్టర్న్‌ను 36-0తో చిత్తు చేసింది. ఆ జట్టుకు ‘సైక్లోన్స్’ అన్న పేరు ఆ ఆట తర్వాత పత్రికలో వచ్చిన శీర్షిక నుంచే వచ్చింది. ఆ రోజుకు వార్నర్ జార్జియాలో ఉన్నాడు. ఆయన తయారుచేసిన జట్టే, కానీ మైదానం పక్కన ఆయన లేడు.

గెలుపుల లెక్కలో చిక్కు కూడా సరిగ్గా ఇక్కడే ఉంది. గెలుపు, ఓటమి, డ్రా వరుసలో చూడండి:

జార్జియా (1895–96): 7, 4, 0
కార్నెల్ (1897–98, 1904–06): 36, 13, 3
కార్లైల్ (1899–1903, 1907–14): 114, 42, 8
పిట్స్‌బర్గ్ (1915–23): 60, 12, 4
స్టాన్‌ఫర్డ్ (1924–32): 71, 17, 8
టెంపుల్ (1933–38): 31, 18, 9

కలిపితే 319, 106, 32. అయోవాలో అయిదేళ్ల 18 గెలుపులు, 8 ఓటములు దీనికి చేరిస్తే 337, 114, 32. అంటే రెండు అంకెలూ తప్పు కాదు, అయోవాను కలిపారా లేదా అన్నదే తేడా. నేనైతే 319 వేసి, అయోవా సంగతి ఒక వాక్యంలో విడిగా చెబుతాను. ఊళ్లో లేని రోజుల ఆటలను ఆయన ఖాతాలో వెయ్యడం న్యాయంగా అనిపించదు.

ఇంకొకటి. కార్లైల్‌ను కాలేజీ అని రాయకండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపిన వసతి పాఠశాల. అక్కడి జట్టు హార్వర్డ్, పెన్సిల్వేనియా, ప్రిన్స్‌టన్ లాంటి పెద్ద కాలేజీలతో ఆడేది, అందుకే ఆ ఫలితాలు కాలేజీ ఫుట్‌బాల్ రికార్డుల్లో ఉంటాయి. ఆ 114 గెలుపుల బరువు పాఠకుడికి తెలియాలంటే ఈ ముక్క తప్పనిసరి.

టెయిల్‌బ్యాక్:

సింగిల్ వింగ్ నా వంతు. పొడుగవుతుంది, ఓపిక పట్టండి. ముందు నిబంధనలు తెలియకపోతే ఆ అమరిక ఎందుకు పుట్టిందో అర్థం కాదు.

ఈ ఆటలో బంతి ఉన్న జట్టుకు కొన్ని ప్రయత్నాలు ఉంటాయి, ఒక్కోదాన్ని డౌన్ అంటారు. ఆ ప్రయత్నాల్లో నిర్ణీత దూరం ముందుకు పోతే మళ్లీ కొత్తగా ప్రయత్నాలు దొరుకుతాయి, పోలేకపోతే బంతి అవతలివాళ్లది. 1905 వరకు 3 డౌన్లలో 5 గజాలు పోతే చాలు. అందుకని అందరూ ఒక్కచోట గుంపుగా చేరి, బంతి పట్టుకున్నవాణ్ణి వెనకనుంచి నెట్టి, ముందునుంచి లాగి, ఆ మూడు ప్రయత్నాల్లో అయిదు గజాలు తోసుకుపోయేవారు. ఎముకలు విరిగేవి, ప్రాణాలు పోయేవి. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1905లో పెద్ద కాలేజీలవాళ్లను పిలిపించి మాట్లాడేదాకా వచ్చింది.

1906లో నిబంధనలు తిరగరాశారు. 3 డౌన్లలో 10 గజాలు పోవాలి. ఎదురెదురుగా నిలబడే రెండు జట్ల ముందు వరుసల (లైన్ల) మధ్య ఖాళీ జాగా వదలాలి. బంతిని చేత్తో ముందుకు విసరవచ్చు, అయితే ఆ మొదటేడు బంతి ఎవరి చెయ్యీ తాకకుండా నేలపడితే అవతలివాళ్లకు పోయేది. 1910లో బంతి ఉన్న జట్టు ఏడుగురిని లైన్ మీద నిలపాలన్నారు, బంతి పట్టుకున్నవాణ్ణి నెట్టడం, లాగడం నిషేధించారు. 1912లో నాలుగో డౌన్ ఇచ్చారు, టచ్‌డౌన్ (బంతిని ఎదుటివాళ్ల గోలు గీత దాటించడం) విలువ 5 పాయింట్ల నుంచి 6 అయింది, మైదానం 100 గజాలైంది.

ఇప్పుడు వార్నర్ ముందున్న లెక్క చూడండి. వెనకనుంచి నెట్టకూడదు కాబట్టి బలమంతా పరిగెత్తేవాడికి ముందే ఉండాలి. పదకొండుగురికి పదకొండుగురే అయినప్పుడు మొత్తం మీద ఎక్కువమంది ఉండటం కుదరదు. కానీ ఏదో ఒక్కచోట, ఒకటి రెండు క్షణాలు, మనవాళ్లు ఒకరిద్దరు ఎక్కువ ఉండేలా నిలబడవచ్చు. సింగిల్ వింగ్ మొత్తం ఆ ఒక్క ఆలోచన మీద కట్టింది. 1906 తర్వాతి ఏళ్లలో కార్లైల్‌లో అది రూపుదిద్దుకుంది. కార్లైల్ కుర్రాళ్లు ఎదుటి జట్ల కంటే తేలికైనవాళ్లు, వేగం ఉన్నవాళ్లు కావడం కూడా దానికి కలిసొచ్చింది.

కాగితం తీసుకుని గీసుకోండి. లైన్ మీద ఏడుగురు, ఎడమనుంచి కుడికి: ఎండ్, గార్డ్, సెంటర్, గార్డ్, టాకిల్, టాకిల్, ఎండ్. సెంటర్‌కు ఎడమవైపు ఇద్దరే, కుడివైపు నలుగురు. కుడి బలమైన పక్క. వెనక నలుగురు. టెయిల్‌బ్యాక్ సెంటర్‌కు ఇంచుమించు నేరుగా వెనక, నాలుగున్నర అయిదు గజాల దూరంలో. ఫుల్‌బ్యాక్ అతని కుడిపక్కన, ఓ అడుగు ముందుకు. బ్లాకింగ్ బ్యాక్ (అప్పటి పేరు క్వార్టర్‌బ్యాకే) కుడి గార్డ్, టాకిల్‌ల వెనక ఓ గజం దూరంలో. వింగ్‌బ్యాక్ కుడి చివర ఎండ్‌కు బయటగా ఓ గజం, వెనకగా ఓ గజం. ఆ ఒక్క రెక్క వల్లే సింగిల్ వింగ్ అన్న పేరు.

ఇప్పటి ఆటలో సెంటర్ బంతిని తన వెనకే ఆనుకుని ఉన్న క్వార్టర్‌బ్యాక్ చేతికి అందించడమో, కొంచెం దూరంగా ఉంటే విసరడమో చేస్తాడు. సింగిల్ వింగ్‌లో బంతి నేరుగా టెయిల్‌బ్యాక్‌కో ఫుల్‌బ్యాక్‌కో వెళ్తుంది. క్వార్టర్‌బ్యాక్ పని ముఖ్యంగా అడ్డు తొలగించడం.

దీని ప్రాణం టాకిల్ బయటనుంచి పరుగు. వరుసగా ఇలా జరుగుతుంది. సెంటర్ బంతిని టెయిల్‌బ్యాక్ నిలబడ్డ చోటికి కాకుండా, అతను అడుగు వెయ్యబోయే కుడిపక్కకు, మోకాలికి కాస్త ఎత్తుగా విసురుతాడు. అదే క్షణంలో కుడి ఎండ్, వింగ్‌బ్యాక్ ఇద్దరూ కలిసి ఎదుటి టాకిల్‌ను లోపలికి తొక్కేస్తారు. ఇక్కడ ఒకడికి ఇద్దరు. బ్లాకింగ్ బ్యాక్, అతని వెనకే ఫుల్‌బ్యాక్, ఎదుటి ఎండ్‌ను బయటికి నెడతారు. ఇక్కడా ఒకడికి ఇద్దరు. మధ్యలో సందు తెరుచుకుంటుంది. లైన్ మీదున్న గార్డ్ ఒకడు తన చోటు వదిలి లైన్ వెనకగా పరిగెత్తి, ఆ సందులో ముందుగా దూరి, వెనకనుంచి వచ్చే మొదటి రక్షకుణ్ణి పడగొడతాడు. ఇతన్నే లాగే గార్డ్ అంటారు. అతని అడుగుల్లో అడుగేస్తూ టెయిల్‌బ్యాక్.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి, లేకపోతే ఇది మంత్రంలా కనిపిస్తుంది.

మొదటిది స్నాప్, అంటే సెంటర్ బంతిని వెనక్కి విసరడం. సెంటర్ తలవంచి కాళ్ల మధ్యనుంచి వెనక్కి చూస్తూ విసరాలి, ఆపైన తలెత్తి ఎదుటివాణ్ణి అడ్డుకోవాలి. ఆ లోపు అతని మీదున్నవాడు దూసుకొచ్చేస్తాడు. బంతి ఒక అడుగు వెనకపడిందా, టెయిల్‌బ్యాక్ ఆగి అందుకోవాలి, అప్పటికి సందు మూసుకుపోతుంది. రెండోది వింగ్‌బ్యాక్ దూరం. గజం బదులు రెండు మూడు గజాలు బయటికి జరిగితే టాకిల్ మీద ఇద్దరు పడటం కుదరదు, ఎండ్ ఒక్కడే మిగులుతాడు. మూడోది లాగే గార్డ్ మరీ లోతుగా పరిగెత్తడం. అప్పుడు ఫుల్‌బ్యాక్ దారికి అడ్డొస్తాడు, ఇద్దరూ ఢీకొంటారు. అతను లైన్‌కు అంటిపెట్టుకునే పోవాలి. నాలుగోది, ఎదుటి జట్టు మొత్తం మన కుడివైపుకు ఒక మనిషి మేర జరిగి నిలబడటం. దానికి మందు ఆ అమరికలోనే ఉంది: టెయిల్‌బ్యాక్ కుడికి పరిగెడుతున్నట్టే పరిగెత్తి బంతిని ఎదురుగా వచ్చే వింగ్‌బ్యాక్‌కు ఇచ్చేస్తాడు, అతను ఎడమవైపు ఖాళీలోకి పోతాడు. దీన్ని రివర్స్ అంటారు. ఒకటి రెండు రివర్స్‌లు తగిలాక అవతలివాళ్లు మళ్లీ సరిగ్గా నిలబడతారు, అప్పుడు కుడివైపు మళ్లీ తెరుచుకుంటుంది.

ఇక దాటరాని ఇబ్బంది ఒకటుంది. టెయిల్‌బ్యాక్ పరిగెత్తాలి, విసరాలి, తన్నాలి. ఇవన్నీ చేసే మనిషి దొరకడం కష్టం, దొరికితే దెబ్బలన్నీ అతనికే. జిమ్ థోర్ప్ లాంటివాడు ఉంటే ఈ పద్ధతి అద్భుతం. అతను కుంటితే సగం ఆట పోయినట్టే.

వార్నర్ పేరు మీద చెప్పుకునేవి ఇంకా ఉన్నాయి: వెనక ఆటగాళ్లు ఒక చెయ్యి నేలకు ఆనించి వంగి బయలుదేరడం, భుజంతో కాకుండా నడుము పక్కనుంచి ఒళ్లంతా అడ్డం వేసి ఎదుటివాణ్ణి పడగొట్టడం, స్క్రీన్ పాస్ (అడ్డు నిలిచే తనవాళ్ల వెనకున్నవాడికి విసిరే పొట్టి పాస్), తేలికపాటి కవచాలు. వీటిలో కొన్నింటిని వేరే కోచ్‌లకు కూడా ఆపాదిస్తారు. ‘కనిపెట్టాడు’ అని గట్టిగా రాయకుండా ‘వాడుకలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు’ అని రాస్తే ఎవరూ తప్పుపట్టరు. సింగిల్ వింగ్, డబుల్ వింగ్ రెండింటికి మాత్రం ఆయన పేరు నిస్సందేహంగా పెట్టవచ్చు.

కృష్ణాతీరం:

టెయిల్‌బ్యాక్ గారూ, చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే గీశాను, మొదటిసారి బాణాలు అర్థమయ్యాయి. బంతిని జెర్సీలో దాచిన ఆట గురించి కూడా చదివాను. అది నిబంధనలకు విరుద్ధం కాదా? పిల్లలకు బాగా నచ్చే ఘట్టం, కానీ మోసాన్ని పొగిడినట్టు ఉంటుందేమోనని సందేహం.

టెయిల్‌బ్యాక్:

అప్పటి నిబంధనల్లో దాన్ని ఆపే మాట లేదు. 1903 అక్టోబరు 31న కార్లైల్ జట్టుకు హార్వర్డ్‌తో ఆట. దర్జీ చేత ఛార్లెస్ డిల్లన్ అనే గార్డ్ జెర్సీకి వెనక అడుగు అంచున ఎలాస్టిక్ కుట్టించారు. కిక్ఆఫ్‌ను, అంటే ఆట మొదలుపెడుతూ అవతలివాళ్లు తన్నిన బంతిని, జిమ్మీ జాన్సన్ తన గోలు దగ్గర్లో అందుకున్నాడు. జట్టంతా అతని చుట్టూ మూగింది. ఆ మూకలో బంతి డిల్లన్ వీపు మీద జెర్సీలోకి వెళ్లిపోయింది. తర్వాత అందరూ ఎవరికివాళ్లు బంతి పొదువుకున్నట్టు నటిస్తూ నాలుగు దిక్కులకూ విడిపోయారు. డిల్లన్ మాత్రం రెండు చేతులూ ఊపుకుంటూ నిటారుగా పరిగెత్తాడు. చేతులు ఖాళీగా ఉన్నవాణ్ణి ఎవరు పట్టుకుంటారు? హార్వర్డ్‌వాళ్లు పక్కకు తప్పుకున్నారు. గోలు గీత దాటాక జాన్సన్ బంతి బయటికి తీశాడు.

ఆ ఎత్తు పారాలంటే కొన్ని కుదరాలి. కిక్ లోతుగా రావాలి, లేకపోతే మూగేలోపే ఎదుటివాళ్లు మీద పడతారు. రెఫరీకి ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే బంతి కనబడక విజిల్ ఊదేస్తాడు. వార్నర్ ఆ జాగ్రత్త కూడా తీసుకున్నాడు. ఇంతా చేసి కార్లైల్ 11-0 ఆధిక్యం పోగొట్టుకుని 12-11తో ఓడింది. అది తప్పకుండా రాయండి, చాలామంది గెలిచినట్టే రాసేస్తారు. ఎత్తు కూడా వార్నర్ సొంతం కాదు. 1895లోనే జాన్ హైస్మన్ అనే కోచ్ నడిపిన ఆబర్న్ జట్టు వాండర్‌బిల్ట్ మీద ఇలాంటిది వాడింది.

మున్నేరు:

కార్లైల్ గురించి ఎంతవరకు అన్నారు కదా. పిల్లల పత్రిక అయినా సరే, పూర్తిగా రాయాలని నా గట్టి అభిప్రాయం. ఆ స్కూలు ఏమిటో చెప్పకుండా అక్కడి గెలుపులు మాత్రమే చెబితే పిల్లలకు తప్పుడు చరిత్ర ఇచ్చినవాళ్లమవుతాం.

పెన్సిల్వేనియాలోని కార్లైల్ పాఠశాలను 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి పాత సైనిక బ్యారక్‌లలో మొదలుపెట్టాడు. అమెరికా మూలవాసుల పిల్లలను వందల మైళ్ల దూరంనుంచి తెచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడనివ్వకుండా పెంచారు. తెగల సంస్కృతిని తుడిచెయ్యడమే ఆ స్కూలు ప్రకటించుకున్న ధ్యేయం. అక్కడ చనిపోయిన పిల్లల సమాధులు 180కి పైగా ఉన్నాయి. 1918లో స్కూలు మూతపడింది.

వార్నర్ 1899లో ఏడాదికి 1,200 డాలర్ల జీతంతో అక్కడికి వచ్చాడు. కుర్రాళ్లు అద్భుతంగా ఆడారు. 1907లో 10 గెలిచి ఒక్కటే ఓడారు. పెన్సిల్వేనియాను 26-6తో, ఏమోస్ అలోంజో స్టాగ్ నడిపే షికాగోను 18-4తో ఓడించారు. అప్పటికి చాలా కోచ్‌లకు ముందుకు విసిరే పాస్ అంటే భయం, కార్లైల్ దాన్ని రోజువారీ ఆయుధంగా వాడింది. షికాగోతో ఆటలో ఆల్బర్ట్ ఎక్సెన్‌డైన్ గీత దాటి బయటికి పోయి, షికాగో బెంచీ వెనకనుంచి తిరిగొచ్చి మైదానంలో పాస్ అందుకున్నాడు. అప్పటికి దాన్ని కాదనే నిబంధన లేదు.

1911 నవంబరు 11న హార్వర్డ్‌ను 18-15తో గెలిచారు. కాలి గాయంతోనే థోర్ప్ నాలుగు ఫీల్డ్ గోల్స్ (బంతిని గోలు స్తంభాల మధ్యనుంచి తన్నడం) కొట్టాడు. ఫీల్డ్ గోల్‌కు 3 పాయింట్లు కాబట్టి 12 అతని కాలివే, మిగతా 6 ఒక టచ్‌డౌన్, దాని మీద కొట్టిన ఒక పాయింటు. 1912 నవంబరు 9న వెస్ట్ పాయింట్‌లో ఆర్మీని, అంటే అక్కడి సైనిక అకాడమీ జట్టును, 27-6తో ఓడించారు. ఆర్మీ జట్టులో ఆ రోజు డ్వైట్ ఐసెన్‌హోవర్ ఉన్నాడు, తర్వాత దేశాధ్యక్షుడైన ఆయనే. ఈ తెగల తండ్రులూ తాతలూ ఇదే సైన్యంతో యుద్ధం చేసి పాతికేళ్లు కూడా నిండలేదు. ఆ ఆట గురించి రాసేటప్పుడు ఈ వాక్యం తప్పకుండా పెట్టండి.

ఇక 1914. అమెరికా కాంగ్రెస్ సంయుక్త సంఘం కార్లైల్ మీద విచారణ జరిపింది. దానికి ముందు విద్యార్థులే సంతకాలు పెట్టి ఫిర్యాదు పంపారు. 1912 జట్టు క్వార్టర్‌బ్యాక్ గస్ వెల్ష్ అందులో ముందున్నాడు. వార్నర్ బూతులు తిట్టేవాడని, ఆటగాళ్ల మీద చెయ్యి చేసుకునేవాడని, ఉచిత టికెట్లు హోటల్లో అమ్మాడని సాక్షులు చెప్పారు. టికెట్ల డబ్బంతా ఆటల సంఘం నిధిలోకి వెళ్లేది, అందులోంచి ఆటగాళ్లకూ ఇతరులకూ చెల్లింపులు జరిగేవి. ఆ నిధి మీద బయటి తనిఖీ ఉండేది కాదు. సూపరింటెండెంట్ మోసెస్ ఫ్రీడ్‌మన్ పదవి పోయింది.

థోర్ప్ విషయం కూడా దీని పక్కనే పెట్టి చూడాలి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలో స్వర్ణాలు గెలిచాడు. అంతకుముందు 1909, 1910 ఎండాకాలాల్లో నార్త్ కరొలైనాలో చిన్న లీగ్ బేస్‌బాల్ డబ్బుకు ఆడాడని 1913 జనవరిలో పత్రికలో రావడంతో పతకాలు వెనక్కి తీసుకున్నారు. కార్లైల్‌నుంచి అతను రెండేళ్లు కనిపించకుండా పోయాడు. ఎక్కడున్నాడో కోచ్‌కు తెలియదంటే నమ్మడం కష్టం. వార్నర్ మాత్రం తనకు తెలియదనే అన్నాడు, నింద మొత్తం థోర్ప్ ఒక్కడే మోశాడు. 1982లో సహవిజేతగా, 2022లో ఏకైక విజేతగా ఒలింపిక్ కమిటీ అతని పేరు తిరిగి చేర్చింది. అప్పటికి థోర్ప్ పోయి దశాబ్దాలైంది.

పాతపేపర్లు:

మున్నేరు గారు చెప్పినదాంతో ఏకీభవిస్తాను. ఒక్క జాగ్రత్త: విచారణ వల్ల వార్నర్‌ను తీసేశారని కొన్నిచోట్ల రాస్తారు, అది సరికాదు. 1914 సీజన్ కూడా కార్లైల్‌తోనే నడిపాడు, చాలా దారుణంగా 5 గెలిచి 9 ఓడాడు. 1915లో పిట్స్‌బర్గ్ వెళ్లాడు.

అక్కడినుంచి క్లుప్తంగా చెబుతాను. పిట్స్‌బర్గ్‌లో మొదటి మూడు సీజన్ల గెలుపు-ఓటములు 8-0, 8-0, 10-0. 1918లో హైస్మన్ నడిపే జార్జియా టెక్‌ను 32-0తో ఓడించింది. అప్పటికి టెక్ ఏళ్ల తరబడి ఓటమి ఎరగదు. 1922లోనే స్టాన్‌ఫర్డ్‌తో ఒప్పందం చేసుకున్నాడు, కానీ పిట్స్‌బర్గ్‌కిచ్చిన మాట పూర్తయ్యేదాకా కదల్లేదు. రెండేళ్లు తన సహాయకులు ఆండీ కెర్, టైనీ థోర్న్‌హిల్‌లను ముందుగా పంపి, 1924లో తానూ చేరాడు.

స్టాన్‌ఫర్డ్‌లో మూడుసార్లు రోజ్ బౌల్ (సీజన్ ముగిశాక కొత్త సంవత్సరానికి జరిగే పెద్ద ఆట) ఆడించాడు. 1925 జనవరి 1న నోటర్ డామ్ మీద 27-10తో ఓటమి, 1927లో అలబామాతో 7-7, 1928లో పిట్స్‌బర్గ్ మీద 7-6తో గెలుపు. ఆ చివరి ఆటలో అవతలి కోచ్ జాక్ సదర్లండ్, పిట్స్‌బర్గ్‌లో వార్నర్ దగ్గరే గార్డ్‌గా ఆడినవాడు. 1925 ఆటలో ఎర్నీ నెవర్స్ గురించి ఒక పేరా ఇవ్వండి. ఆ సీజన్లో రెండు చీలమండలూ విరగ్గొట్టుకున్న ఫుల్‌బ్యాక్, కట్లు విప్పిన కొద్ది రోజులకే మైదానంలో దిగి 114 గజాలు పరిగెత్తాడు. పనిముట్ల పట్ల వార్నర్‌కు మొదటినుంచీ ఆసక్తి, నెవర్స్ కాళ్లకు టైరు ట్యూబు రబ్బరుతో పట్టీలు తనే చేసి కట్టాడు.

డబుల్ వింగ్ గురించి టెయిల్‌బ్యాక్ గారు చెబితే బాగుంటుంది.

టెయిల్‌బ్యాక్:

రెండు మాటల్లో: ఇటొక రెక్క, అటొక రెక్క, మధ్యలో లోతుగా ఫుల్‌బ్యాక్. బంతి అతనికొస్తుంది. అతను గిరుక్కున తిరుగుతూ ఒక వింగ్‌బ్యాక్‌కు ఇస్తాడు, లేదా ఇచ్చినట్టు చూపి తనే దూసుకుపోతాడు. పాస్‌కు ఇద్దరు మనుషులు ముందే అంచుల్లో ఉంటారు. 1928లో ఈ పద్ధతితోనే న్యూయార్క్‌లో ఆర్మీని 26-0తో ఓడించారు, తూర్పుతీరం కోచ్‌లు దాన్ని అందుకోవడం ఆ తర్వాతే ఊపందుకుంది.

దీని లోపం సమయం. తిరగడం, ఇవ్వడం, ఎదురు పరుగు అన్నీ జరిగేసరికి క్షణం గడిచిపోతుంది. ఎదుటి లైన్ వేగంగా చొచ్చుకొచ్చేదైతే అదంతా వాళ్ల ఒళ్లోనే జరుగుతుంది. హోవర్డ్ జోన్స్ నడిపిన సదరన్ కాలిఫోర్నియా 1928 నుంచి 1932 దాకా వరుసగా అయిదేళ్లు స్టాన్‌ఫర్డ్‌ను ఓడించింది. వార్నర్ ఆ తర్వాత టెంపుల్‌కు వెళ్లిపోయాడు.

కృష్ణాతీరం:

అందరికీ కృతజ్ఞతలు. కార్లైల్ భాగం మున్నేరు గారు చెప్పినట్టు పూర్తిగానే రాస్తాను. చివరిగా రెండు ప్రశ్నలు. పిల్లల లీగ్ ఆయన ఎప్పుడు పెట్టాడు? సింగిల్ వింగ్ ఇప్పుడు ఎక్కడైనా చూడవచ్చా? వ్యాసం పక్కన ‘ఇది చూడండి’ అని ఇవ్వడానికి.

పాతపేపర్లు:

ఆయన పెట్టలేదు. 1929లో ఫిలడెల్ఫియాలో జో టామ్లిన్ అనే వ్యక్తి పెట్టాడు. ఒక ఫ్యాక్టరీ కిటికీ అద్దాలను కుర్రాళ్లు రాళ్లేసి పగలగొడుతుంటే, ఖాళీ తిరుగుళ్లు తగ్గించడానికి ఆటల జట్లు కట్టమని ఆ యజమానికి సలహా ఇచ్చి, టామ్లినే ఆ పని నెత్తికెత్తుకున్నాడు. వార్నర్ టెంపుల్ కోచ్‌గా ఫిలడెల్ఫియాకు వచ్చాక, 1934 ఏప్రిల్‌లో పిల్లలతో మాట్లాడటానికి పిలిస్తే, వాతావరణం బాగోలేక మిగతా కోచ్‌లు రాని రోజున వచ్చి రెండు గంటలు వాళ్ల ప్రశ్నలకు జవాబులిచ్చాడు. ఆ రాత్రే లీగ్‌కు ఆయన పేరు పెట్టారు. ‘స్థాపకుడు’ అని ఎక్కడా పడకుండా చూసుకోండి.

టెంపుల్ జట్టు 1935 జనవరి 1న రోజ్ బౌల్ లాంటిదే అయిన షుగర్ బౌల్ మొట్టమొదటిసారి జరిగినప్పుడు ఆడి టులేన్ చేతిలో 20-14తో ఓడింది. 1938తో ప్రధాన కోచ్ పని మానేశాడు. 1951లో కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదటి జాబితాలోనే ఉన్నాడు, 1954 సెప్టెంబరు 7న పాలో ఆల్టోలో చనిపోయాడు.

టెయిల్‌బ్యాక్:

చూడటానికైతే ఇది ఇవ్వండి. ప్రొఫెషనల్ లీగ్‌లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ 1951 సీజన్ దాకా సింగిల్ వింగ్ ఆడింది, ఆ తర్వాత పెద్ద జట్లలో కనుమరుగైంది. 2008 సెప్టెంబరు 21న మయామి డాల్ఫిన్స్ న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ మీద ‘వైల్డ్‌క్యాట్’ పేరుతో సింగిల్ వింగ్ లాంటి ఒక అమరిక వాడి 38-13తో గెలిచింది. రానీ బ్రౌన్‌కు బంతి నేరుగా వచ్చేది. నాలుగు టచ్‌డౌన్లు పరిగెత్తి, ఒకటి విసిరి సాధించాడు. ఆ ఆట వీడియోలో బ్రౌన్ ఉన్న ఆటలు మాత్రమే చూడమనండి. ముందు లైన్ మీద సెంటర్‌కు ఇరువైపులా ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాలి. తర్వాత పక్కనుంచి అడ్డంగా పరిగెత్తుకొచ్చేవాణ్ణి చూడాలి, బ్రౌన్ బంతి అతనికి ఇస్తున్నాడా, ఇచ్చినట్టు చూపి తనే పోతున్నాడా అని. పిల్లలు బంతి వెనకే కళ్లు పరిగెత్తిస్తారు, అలా చూస్తే ఏమీ పట్టుబడదు. ఒక్కో ఆటను రెండుసార్లు వేసి, మొదటిసారి బంతి మీద, రెండోసారి లాగే గార్డ్ మీద చూపు పెట్టమనండి.